ఓవర్‌టైము గురించి అడిగిన పాప చేత క్షమాపణ పత్రం ఎందుకు రాయించారు?

గోదావరి డెల్టా జిల్లాల విద్యాశాఖాధికారులకు, ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారాలు. కోనసీమలో ఒక పల్లెటూళ్లో రొయ్యల చెరువుల ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), మోటార్లు బాగుచేసే షాపు నాది. అయిదుగురు కుర్రాళ్లు నా దగ్గర పనిచేస్తారు. మా ఊరి ఉన్నత పాఠశాలలో నా కూతురు చదువుతోంది, ఆ బడి తల్లిదండ్రుల కమిటీలో నేను సభ్యుణ్ణి.

ఈ లేఖలోని సంగతి మీకు కొత్త కాదు. మొదట బడిలో, తరవాత మండల కార్యాలయంలో, మూడోసారి జిల్లా కేంద్రంలో సోమవారం అర్జీల వరుసలో మూడు గంటలు నిలబడి కాగితం ఇచ్చాను. పదిహేడో రోజున ఫోనుకు మెసేజ్ వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించడమైనది." ఎవరు పరిష్కరించారో, ఏమని పరిష్కరించారో అందులో లేదు. బడికి ఎవరూ రాలేదు. నన్ను గానీ, ఆ పాప తల్లిని గానీ ఎవరూ పిలిచి అడగలేదు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

జరిగింది ఇది. కిందటి సంక్రాంతి సెలవులకు ముందు మా బడిలో ఉపాధి అవగాహన సదస్సు పెట్టారు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలను వేపచెట్టు కింద పట్టాల మీద కూర్చోబెట్టారు. రొయ్యలను శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక కంపెనీ నుంచి వచ్చినాయన మాట్లాడారు. మర్యాదస్థుడే, పిల్లలకు బిస్కెట్ పొట్లాలు కూడా తెచ్చారు. ఆయన చెప్పినదాని సారాంశం: మాకు మీ మార్కులతో పనిలేదు, చెప్పిన వేళకు రావాలి, చెప్పిన పని చెప్పినట్టు చేయాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు, ఈ మూడూ అలవాటైతే మీ బతుకుకు ఢోకా లేదు. టీచర్లు పిల్లల చేత చప్పట్లు కొట్టించారు. అబద్ధమెందుకు, నేనూ కొట్టాను.

చివర్లో సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఎనిమిదో తరగతి పాప ఒకతె లేచి నిలబడింది. వాళ్లమ్మ అలాంటి కంపెనీలోనే రొయ్య తల తీసి పొట్టు వలిచే పనికి వెళుతుంది. "సార్, మా అమ్మ పొద్దున్నే ఆరింటికి వ్యాను ఎక్కుతుంది. సరుకు ఎక్కువ వచ్చిన రోజు రాత్రి తొమ్మిదింటికి గానీ దింపరు. ఎక్కువసేపు పనిచేయిస్తే రెట్టింపు ఇవ్వాలట కదా, ఎందుకు ఇవ్వరు?" అని అడిగింది. గొంతులో పొగరేమీ లేదు. లెక్కల పీరియడ్‌లో అర్థం కాని లెక్క అడిగినట్టే అడిగింది. ఆయన నవ్వి, అవన్నీ పెద్దల విషయాలమ్మా అన్నారు. బిస్కెట్లు పంచి సదస్సు ముగించారు.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆ పాపను ఆపేశారు. మూడో పీరియడ్ అయ్యేదాకా వరండాలో నిలబెట్టారు. అతిథిని అవమానించినందుకు క్షమాపణ పత్రం రాసి, తల్లి సంతకంతో తెమ్మన్నారు. ఆ తల్లి సగం రోజు కూలి పోగొట్టుకుని వచ్చి సంతకం పెట్టింది.

ఆ కాగితం నేను చూశాను. లెక్కల నోటుపుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం, నాలుగు వాక్యాలు. చివరి వాక్యం "ఇకమీదట అడగను." పాప 'అతిథి' అన్న మాటను 'అతిది' అని రాసింది. టీచరుగారు ఎర్ర సిరాతో దాన్ని దిద్దారు. అక్షరదోషం దిద్దేంత శ్రద్ధగా చదివినవారి కంటికి ఆ చివరి వాక్యంలో దోషమేమీ కనబడలేదు.

నిజానికి ఆ పాప అడిగింది చట్టంలో ఉన్న మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్‌లో రోజుకు తొమ్మిది గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటి పనిచేయిస్తే, ఆ అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలని ఉండేది; 2025 నవంబరులో దాని స్థానంలో అమలుకొచ్చిన కార్మిక స్మృతిలోనూ అదనపు గంటలకు రెట్టింపు కూలి ఉంది. చట్టంలో ఉన్న సంగతి అడిగిన పాప వరండాలో నిలబడింది. అదే బడి గోడ మీద రాజ్యాంగ ప్రవేశిక నీలిరంగు పెయింటుతో రాసి ఉంది. దాని కిందే నిలబెట్టారు కూడా.

నేను కాగితం ఇచ్చినప్పుడు మీ శాఖలోనే ఒక పెద్దమనిషి, పేరు రాయను, నాతో చనువుగా అన్నారు: "బడి ఉన్నదే పిల్లల్ని ఉద్యోగాలకు పనికొచ్చేలా చేయడానికి కదండీ. యజమాని ముందు అణకువగా ఉండటం కూడా చదువులో భాగమే." ఆయన మాట నన్ను చాలా రోజులు తొలిచింది. ఎందుకంటే ఆయన పూర్తిగా తప్పు చెప్పలేదు. బడిని అలా వాడుకున్నవాళ్లు చరిత్రలో ఉన్నారు.

1789లో మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని చూసుకోవడానికి ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు కుదిరాడు. ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ముచ్చటపడ్డాడు. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించే పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టాడు. తరవాత ఇంగ్లండు వెళ్లి దాన్ని పుస్తకంగా వేస్తే, అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. బీదల పిల్లలకు చదువు చెప్పించే పెద్దలకు అక్కడ అది తెగ నచ్చింది, ఖర్చు తక్కువ కదా. ఒక్క మాస్టారు, వందలమంది పిల్లలు, వరసలు, సైగలు. ఇక 1835లో మెకాలే రాసింది, 1854 నాటి విద్యా ప్రణాళికలో నమ్మకమైన ఉద్యోగులు కావాలన్నది అందరికీ తెలిసినవే. మెకాలేను తిట్టడం మనకు అలవాటే. పాలకులకూ జనానికీ మధ్య దుబాసీలుగా పనికొచ్చే వర్గం కావాలని ఆయన దాచుకోకుండా రాశాడు. ఆ పాప చేత కాగితం రాయించినవారు మాత్రం దానికి సంస్కారం అని పేరు పెట్టారు.

అయితే మన గోదావరి ఒడ్డున ఈ అణకువ పాఠం పారలేదన్న సంగతి కూడా మీరు గుర్తుంచుకోవాలి. 1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి మాట్లాడి వెళ్లాక, అక్కడి ట్రైనింగ్ కళాశాల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. అది పంతుళ్లను తయారుచేసే ప్రభుత్వ కళాశాల. ప్రిన్సిపల్ మార్క్ హంటర్‌కు కోపం వచ్చింది. ఆ విద్యార్థుల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావును బహిష్కరించారు, ఆయనకు ప్రభుత్వ ఉద్యోగం రాకుండా చేశారు. ఉద్యోగానికి పనికిరాడని తేల్చిన ఆ మనిషే తరవాత ఊరూరా గ్రంథాలయాల కోసం, వయోజనుల చదువు కోసం తిరిగాడు. అంత దూరం ఎందుకు, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. ఇప్పుడు మన బడుల్లో ఉన్న పిల్లలు వాళ్ల మనవలు, మనవరాళ్లు.

పిల్లలకు పని నేర్పవద్దని నేను అనడం లేదు. నేనే పని ఇచ్చేవాణ్ణి. నా షాపుకూ కుర్రాళ్లు వేళకు రావాలి, స్పానరు తీసినచోటే పెట్టాలి. తండ్రిగా నా కూతురికి ఉద్యోగం రావాలనే నా ఆశ. జాతీయ విద్యా విధానం 2020 ఆరో తరగతి నుంచే చేతిపనుల పరిచయం ఉండాలంటే సంతోషించినవాణ్ణి. వేళకు రావడం వేరు, నోరు కుట్టేసుకోవడం వేరు. రెండోది నేర్పితే మామూలు జనానికి ఏం జరుగుతుందో నాకు తెలిసినంతవరకు రాస్తాను.

1. ముందు నా షాపు సంగతి. రెండేళ్ల కిందట, పదో తరగతి మంచి మార్కులతో పాసైన కుర్రాడొకడు పనిలో చేరాడు. అంత వినయమైనవాణ్ణి నేను చూడలేదు. పిలిస్తే పరుగున వచ్చేవాడు, కూర్చోమంటే గానీ కూర్చునేవాడు కాదు. నాకు మహా ముచ్చటగా ఉండేది. ఒక సాయంత్రం ఒక రైతు, చెరువు దగ్గర స్టార్టరు మాటిమాటికీ పడిపోతోందంటే వాణ్ణి పంపాను. స్టార్టరు విప్పి, సరిచేసి వచ్చాడు. రాత్రి ఒంటిగంటకు ఏరియేటర్లు మళ్లీ ఆగిపోయాయి. ఆ వేళప్పుడు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోతుంది. రైతు కంగారు పడ్డాడు, వీడు మళ్లీ వెళ్లి చెరువులోకి దిగాడు. గట్టు పక్కన కర్రకు కట్టిన కేబులు జాయింటు జారి నీళ్లలో పడి ఉంది, టేపు ఊడిపోయి. రైతు పక్కనే ఉండి మెయిన్ దించబట్టి ప్రాణం దక్కింది. కుడి అరచెయ్యి కాలింది. ఇప్పటికీ రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు.

ఆసుపత్రిలో అడిగాను, "ఆ జాయింటు సాయంత్రం నీ కంట పడలేదురా?" అని.

"పడింది బాబాయిగారూ. మీరు స్టార్టరు చూడమన్నారు కదండీ" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నింద అంతా బడి మీద వేయను. చేరిన మొదటి వారంలో వాడేదో అడిగితే "చెప్పింది చెయ్యి" అని కసిరింది నేనే. కానీ నా కసురు ఒక పూట. అంతకు ముందు పదేళ్లు వాడు బిట్లు బట్టీ పట్టాడు. గైడులో ఉన్న జవాబు ఉన్నట్టు రాస్తేనే మార్కులు వేశారు. అడగని సంగతి చెబితే అధికప్రసంగమని కూర్చోబెట్టారు. ఇప్పుడు మా షాపులో ఒక నియమం పెట్టాను. పనికి వెళ్లొచ్చిన ప్రతివాడూ నేను చెప్పని లోపం ఒకటి చూసి వచ్చి చెప్పాలి. మొదట్లో బిక్కమొహాలు వేశారు. వాళ్ల నోళ్లు తెరుచుకోవడానికి ఆరు నెలలు పట్టింది. యజమానులకు అణిగిమణిగి ఉండేవాళ్లు కావాలని ఎవరైనా మీకు చెబితే, అందరు యజమానుల తరఫునా ఆ మాట చెప్పవద్దని నా మనవి.

2. మన డెల్టాలో పొలాల కింద గ్యాస్ పైపులున్నాయి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంటలు వారాల తరబడి ఆరకపోవడం నా వయసువాళ్లందరికీ గుర్తే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపు పేలి ఇరవైమందికి పైగా కాలిపోయి చనిపోయారు. వాసన వస్తోందని ముందే చెప్పామని, ఎవరూ పట్టించుకోలేదని ఊరివాళ్లు ఆ తరవాత చెప్పారు. చెప్పినా వినని చోట బతుకుతున్నాం మనం. చెప్పడమే మానేసిన తరం వస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇలాంటి ఊళ్లలో బడి పిల్లలకు నేర్పవలసిన మొదటి వ్యాసం "నా ప్రియమైన స్నేహితుడు" కాదు. వాసన వస్తే ఎవరికి రాయాలి, ఏమని రాయాలి, రసీదు ఎలా తీసుకోవాలి అన్నది నేర్పాలి.

3. ఇది చాలామందికి తెలియని సంగతి, కాస్త ఓపికగా చదవండి. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు ఇళ్లలో పనికి గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. చదువులేనివాళ్లు వెళితే ప్రభుత్వం వలస అనుమతి తీసుకోమంటుంది, ఒప్పందం కాగితం చూస్తుంది, ఇంటిపనికైతే ముప్ఫై ఏళ్లు నిండాలంటుంది. పదో తరగతి పాసైనవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. పది చదివినవారు కాబట్టి తమ మంచిచెడులు తామే చూసుకోగలరన్న నమ్మకం అది. అంటే మీరిచ్చే పదో తరగతి సర్టిఫికెట్టుకు చట్టం ఇచ్చిన విలువ మార్కులకు మించినది. ఇది ఉన్న మనిషి కాగితం చదువుకుంటుంది, అర్థం కానిది అడుగుతుంది, పాస్‌పోర్టు లాక్కుంటే ఇవ్వనంటుంది అని ప్రభుత్వం పూచీ పడుతోంది. మరి ఆ సర్టిఫికెట్టు ఇచ్చే బడి "ఇకమీదట అడగను" అని రాయిస్తే ఆ పూచీ ఏం కావాలి? మా వీధిలో ఒకామె మస్కట్‌లో పద్నాలుగు నెలలు జీతం లేకుండా పనిచేసి వచ్చింది. పది పాసైంది. ఎందుకు అడగలేదమ్మా అంటే, "పెద్దవాళ్లు, ఇస్తారులే అనుకున్నాను అన్నయ్యా" అంది.

4. ప్రైవేటు హాస్టళ్ల ఇంటర్ చదువు గురించి ఎక్కువ రాయను, రాస్తే మరో లేఖ అవుతుంది. మా మేనల్లుడి గది తలుపుకు అంటించిన టైంటేబుల్ లెక్కపెట్టాను. తరగతులు, స్టడీ అవర్లు కలిపి రోజుకు 13 గంటలు, ఆదివారం పొద్దున మూడు గంటల పరీక్ష. వారానికి 81 గంటలు. ఒళ్లు హూనమయ్యే ఫ్యాక్టరీలో పెద్దవాళ్లకు చట్టం గీసిన గీత 48. ఇంత పనికి అలవాటు పడ్డవాడు రేపు రాత్రి పది దాకా ఆఫీసులో ఉండమంటే ఎందుకని అడుగుతాడా?

5. ఆ రోజు పట్టాల మీద దాదాపు రెండు వందలమంది పిల్లలున్నారు. పాఠం నేర్చుకున్నది ఒక్క పాప కాదు. ఆ తరవాత జరిగిన కమిటీ సమావేశంలో పిల్లలను పిలిచి, మధ్యాహ్న భోజనం ఎలా ఉంటోందని అడిగాం. అందరూ ఒకే గొంతుతో బాగుందన్నారు. నా కూతురు కూడా. ఇంటికి వచ్చాక అన్నం సరిగా ఉడకడం లేదని చెప్పింది.

విద్యాహక్కు చట్టం 2009 నుంచి రెండే మాటలు గుర్తు చేస్తాను. 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 29వ సెక్షన్ చదువు ఎలా ఉండాలో చెబుతూ, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేయాలని, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేందుకు తోడ్పడాలని అంటుంది. ఆ పాపకు పదమూడేళ్లు, అంటే ఆ చట్టం నీడలో ఉన్న పిల్లే. రాజ్యాంగం 51-ఎ అధికరణ జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుల విధి అంటుంది. హక్కు కూడా కాదండీ, విధి. పాప తన విధి చేసింది.

టీచర్ల మీద నాకు కక్ష లేదు. వాళ్లను కూడా యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనిలో ముంచేసి, ఎందుకని అడిగితే మెమోలు ఇస్తున్నారని నాకు తెలుసు. ఆ క్షమాపణ రాయించిన టీచరుగారు నా కూతురికి ఎక్కాలు ఒంటబట్టించిన మనిషి. శిక్షించమని కోరడం లేదు. కోరుతున్నవి ఇవి:

1. ఆ క్షమాపణ పత్రాన్ని బడి ఫైలులోంచి తీసి తల్లి చేతికి ఇవ్వాలి. ఏ ప్రార్థనలో పాపను ఆపారో అదే ప్రార్థనలో, అడగడం తప్పు కాదని ప్రధానోపాధ్యాయులు పిల్లలందరికీ చెప్పాలి.

2. కంపెనీలవారిని బడికి పిలవండి, మంచిదే. పిలిచిన ప్రతిసారీ కార్మిక శాఖ అధికారినో, ఆ పని చేసే కార్మికులనో అదే వేదిక మీద కూర్చోబెట్టండి. పిల్లల ప్రశ్నలు రాసుకుని, జవాబులు వారంలోగా నోటీసు బోర్డులో పెట్టించండి.

3. ఎనిమిదో తరగతి నుంచి నెలకు రెండు పీరియడ్లు నిజమైన కాగితాలు చదివించండి: జీతం చీటీ, పీఎఫ్ పాస్‌బుక్కు, కరెంటు బిల్లు, గల్ఫ్ ఒప్పందం, కౌలు కాగితం. దీనికి కొత్త పుస్తకం అచ్చు వేయనక్కర్లేదు. ఆ కాగితాలన్నీ పిల్లల ఇళ్లలోనే ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. కరెంటు పనిలో జాగ్రత్తలు చెప్పడానికి ఎవరూ దొరకకపోతే నేను వస్తాను, డబ్బులు వద్దు.

4. తల్లిదండ్రుల కమిటీ ఇచ్చిన కాగితానికి పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అర్జీ ఇచ్చినవారిని పిలిచి మాట్లాడకుండా "పరిష్కరించడమైనది" అన్న మెసేజ్ పంపడం ఆపాలి.

5. ఇంటర్ హాస్టళ్ల టైంటేబుళ్లు తెప్పించుకుని చూడండి. కనీసం లెక్కపెట్టండి.

వచ్చే నెల రెండో శనివారం మా బడిలో కమిటీ సమావేశం ఉంది. మీలో ఎవరైనా ఒకరు రావాలని కోరుతున్నాం. ఏ వేళకు వస్తారో నాలుగు రోజుల ముందు చెబితే మేలు. పాప తల్లి కూడా వస్తానంది, సూపర్‌వైజరును ముందుగా అడిగి సెలవు పెట్టుకోవాలి. గంటల తరబడి ఎదురుచూడవలసి వస్తే ఆమెకు ఈసారి పూర్తి రోజు కూలి పోతుంది.

ఇట్లు,
పాఠశాల తల్లిదండ్రుల కమిటీ సభ్యుడు,
కోనసీమ